పాలీహౌస్‌లో లైట్లు, బయట సోలార్: ఎక్కడ గిట్టుతుంది, ఎక్కడ గిట్టదు?

 

ఈ మధ్య నాకు వస్తున్న ప్రశ్నల్లో ఒకటి మళ్లీ మళ్లీ వస్తోంది. "సార్, నాకు ఎకరం పాలీహౌస్ ఉంది. వానాకాలంలో మబ్బు పడితే మొక్క కదలడం లేదు. లోపల గ్రో లైట్లు పెట్టి, పక్కన సోలార్ ప్యానెళ్లు వేసుకుంటే కరెంటు బిల్లు లేకుండా దిగుబడి పెరుగుతుంది కదా?" అని. కొంతమంది కొటేషన్ కూడా తెప్పించుకుని, సంతకం పెట్టాలా వద్దా అని అడుగుతున్నారు. అది బ్యాంకు లోనుతో పెట్టే డబ్బు. అందుకే ఈరోజు మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. మొక్కకి వెలుతురు రెండు పనులు చేస్తుంది. ఒకటి తిండి. ఆకు వెలుతురుని తీసుకుని పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. రెండోది కబురు. పగలు ఎంత, రాత్రి ఎంత, ఇప్పుడు ఏ కాలం, పూతకి రావాలా వద్దా అని మొక్క వెలుతురుని చూసే తెలుసుకుంటుంది. మన ప్రాంతంలో లైటుని తిండిగా పెడదామంటే సోలార్‌తో గిట్టదు. లైటుని కబురుగా పంపుదామంటే సోలార్ బాగా గిట్టుతుంది. ఈ రెండింటికీ కరెంటు ఖర్చులో తేడా రెండింతలో మూడింతలో కాదండి, దగ్గర దగ్గర వంద రెట్లు. ఎందుకో చూద్దాం.

మొక్క వెలుతురుని ఎలా కొలవాలి?

లైట్లు అమ్మేవాళ్లు వాట్లు చెప్తారు, లక్స్ చెప్తారు. వాట్ అంటే లైటు తినే కరెంటు. లక్స్ అంటే మనిషి కంటికి కనిపించే వెలుతురు. మొక్క తిండికి కావలసిన కొలత వేరే ఉంది, దాన్ని మోల్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి. వాన పడితే ఈరోజు ఎన్ని మిల్లీమీటర్లు పడింది అంటాం కదా, అలాగే ఈరోజు మొత్తం మీద ఒక చదరపు మీటరు మీద మొక్కకి పనికొచ్చే వెలుతురు ఎన్ని మోల్‌లు పడింది అంటాం. దీన్నే డైలీ లైట్ ఇంటిగ్రల్, పొట్టిగా డీఎల్ఐ అంటారు.

మన హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాది సగటు తీసుకుంటే ఆరుబయట రోజుకి సుమారు 35 నుంచి 40 మోల్‌లు పడుతుంది. పాలిథిన్ షీటు, పైపులు, దుమ్ము కలిసి మూడో వంతుకి పైగా ఆపేసినా లోపలికి 22 నుంచి 25 వస్తుంది. జూలై, ఆగస్టు మబ్బుల్లో అది 18 దగ్గరికి దిగొచ్చు. బాగా ముసురు పట్టిన రోజైతే ఇంకా తక్కువ.

మరి మొక్కకి ఎంత కావాలి? ఆకుకూరల జాతి లెట్యూస్‌కి 12 నుంచి 17 చాలు. టమాటా, క్యాప్సికం, కీరా లాంటివి 20 నుంచి 30 దాకా తీసుకుంటాయి. అంటే మన దగ్గర సగటు రోజున వెలుతురు సరిపోతుంది. వేసవిలో అయితే ఎక్కువైపోయి మనమే షేడ్ నెట్ లాగుతున్నాం. కొరత ఉండేది వానాకాలంలో కొన్ని వారాలు మాత్రమే.

ఇప్పుడు నెదర్లాండ్స్ సంగతి చూడండి. గ్రో లైట్ల వీడియోలన్నీ ఎక్కువగా అక్కడివే. అక్కడ డిసెంబర్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. సూర్యుడు ఆకాశంలో పైకి రాడు. ఆరుబయటే రోజుకి 5 మోల్‌లకి అటూ ఇటూ ఉంటుంది, గాజు ఇంట్లోకి వచ్చేసరికి మూడో నాలుగో. అక్కడ లైటు లేకపోతే చలికాలంలో టమాటా పంటే ఉండదు. వాళ్లకి లైటు తప్పనిసరి అవసరం. వాళ్ల అవసరాన్ని చూసి మనం కొనుక్కుంటే కష్టం.

తిండి లెక్క

సరే, వానాకాలం కొరతే తీరుద్దాం అనుకుందాం. రోజుకి చదరపు మీటరుకి 5 మోల్‌లు అదనంగా ఇద్దాం. పెద్ద ఆశేమీ కాదు ఇది.

మంచి ఎల్ఈడీ గ్రో లైటు ఒక జౌల్ కరెంటుకి సుమారు 2.5 మైక్రోమోల్‌ల వెలుతురు ఇస్తుంది. ఈ లెక్కన 5 మోల్‌లకి 20 లక్షల జౌళ్లు కావాలి. యూనిట్లలోకి మారిస్తే 0.55 యూనిట్. ఒక చదరపు మీటరుకి అర యూనిటే కదా అనిపిస్తుంది. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. గుణించండి. రోజుకి 2,200 యూనిట్లు! యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా రోజుకి 15,000 రూపాయలు దాటింది. నెలకి నాలుగున్నర లక్షలు. ఆ నెలలో ఎకరం క్యాప్సికం మీద మీకు అదనంగా ఎంత వస్తుందో మీరే చెప్పండి.

"అందుకే కదా సార్ సోలార్ అంటున్నది" అంటారు. చూద్దాం. ఒక కిలోవాట్ సోలార్ మన దగ్గర రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 2,200 యూనిట్లకి 550 కిలోవాట్ల ప్లాంటు కావాలి. కిలోవాట్‌కి వరసల మధ్య ఖాళీతో కలిపి 10 చదరపు మీటర్ల స్థలం వేసుకుంటే 5,500 చదరపు మీటర్లు. అంటే ఎకరం పాలీహౌస్‌కి కాస్త వెలుతురు చేర్చడానికి దాదాపు ఎకరంన్నర భూమిలో ప్యానెళ్లు పరచాలి. పైగా మీకు వెలుతురు కావలసింది మబ్బు రోజుల్లో. ప్యానెల్ ఆ రోజుల్లోనే సగం కూడా ఇవ్వదు.

ఇలా ఎందుకు అవుతుందో ఇంకో రకంగా చెప్తాను. సూర్యుడి వెలుతురుని 100 రూపాయలు అనుకోండి. అందులో మొక్క వాడుకోగలిగిన రంగులు సుమారు 45 రూపాయలు. మిగతాది వేడి కిందా, మొక్కకి పనికిరాని కిరణాల కిందా పోతుంది. ఇప్పుడు అదే 100 రూపాయలు ప్యానెల్ మీద పడితే కరెంటుగా వచ్చేది 20. దుమ్ము, వేడి, ఇన్వర్టర్, వైర్లు కలిసి 4 తినేస్తాయి, మిగిలింది 16. ఎల్ఈడీ అందులో సగం వెలుతురుగా మార్చి, సగం వేడిగా వదిలేస్తుంది. చివరికి మొక్క మీద పడేది 8 రూపాయలు. నేరుగా వస్తే 45, సోలార్ మీదుగా తిప్పి తెస్తే 8. ఇది కంపెనీ లోపం కాదు, చైనా సరుకా జర్మనీ సరుకా అన్న ప్రశ్న కాదు. వెలుతురుని కరెంటు చేసి, కరెంటుని మళ్లీ వెలుతురు చేసే దారే అంత.

ఉన్న వెలుతురు పోకుండా చూసుకోండి

మరి వానాకాలం కొరతకి మందు లేదా? ఉందండి, చాలా చవక. మీ పాలిథిన్ షీటు ఎప్పుడు కడిగారు? రోడ్డు పక్కన ఉన్న పాలీహౌస్‌ల మీద దుమ్ము, వానలకి పట్టిన పచ్చటి పాచి కలిసి లోపలికి రావలసిన వెలుతురులో పెద్ద వాటానే మింగేస్తాయి. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి మెత్తటి గుడ్డ, నీళ్లతో కడిగిస్తే కూలి ఖర్చు తప్ప ఇంకేం లేదు. షీటు కాలం దాటి పసుపు రంగుకి తిరిగితే మార్చండి. వేసవిలో లాగిన షేడ్ నెట్ వానాకాలంలో కూడా అలాగే వదిలేసేవాళ్లు ఉన్నారు, అది పక్కకి జరపండి. బెడ్ల మధ్య దారిలో తెల్ల మల్చింగ్ షీటు వేస్తే కింద పడిన వెలుతురు తిరిగి ఆకుల మీదకి వస్తుంది. వీటితో దొరికే నాలుగైదు మోల్‌లకి కరెంటు బిల్లు లేదు.

కబురు లెక్క: చామంతి

ఇప్పుడు రెండో పనికి వద్దాం. సోలార్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పొగాకు రకం మీద చేసిన పని బయటపెట్టారు. మేరీల్యాండ్ మమ్మత్ అనే ఆ పొగాకు వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూసేది కాదు, చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో మాత్రం పూసేది. కారణం చలి కాదు, ఎరువు కాదు, పగటి పొడవు అని వాళ్లు తేల్చారు. 1938లో హ్యామ్నర్, బానర్ ఇంకో మెట్టు ఎక్కారు. మన చేల గట్ల మీద కనిపించే మరుల మాతంగి జాతి కలుపు మొక్క మీద ప్రయోగం చేసి, మొక్క అసలు లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని అని చూపించారు. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, ఆ మొక్క పూత ఆగిపోయింది.

దీని వెనక ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంది. ఎర్ర వెలుతురు తగిలితే అది ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా పాత రూపంలోకి వస్తుంది. అర్ధరాత్రి లైటు వేస్తే ఆ గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఒక పొడుగు రాత్రి రెండు పొట్టి రాత్రులు అయిపోతుంది.

చామంతి పొడుగు రాత్రులు చూస్తే మొగ్గ వేస్తుంది. చాలా రకాలకి పగలు పదమూడున్నర, పద్నాలుగు గంటల కంటే తగ్గితే పూత మొదలు. హైదరాబాద్‌లో జూన్‌లో అతి పొడుగు పగలే 13 గంటల 10 నిమిషాల దగ్గర ఉంటుంది. డిసెంబర్‌లో 11 గంటల పైచిలుకు. అంటే మన దగ్గర ఏడాది పొడుగునా చామంతికి "పూయి, పూయి" అనే కబురే వెళ్తోంది. నారు నాటగానే, కాడ ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది. జానెడు కాడ మీద పువ్వు వస్తే కట్ ఫ్లవర్ మార్కెట్‌లో ఎవరు కొంటారు?

అందుకే నాటిన దగ్గర నుంచి నాలుగైదు వారాలు రాత్రి పది నుంచి రెండు దాకా లైట్లు వేస్తారు. కాడ కావలసినంత ఎదిగాక లైట్లు ఆపేస్తారు. అక్కడి నుంచి రకాన్ని బట్టి ఎనిమిది, పది వారాల్లో పువ్వు కోతకి వస్తుంది. హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల రాత్రిపూట వెళ్తే చామంతి తోటలు దీపాలు పెట్టినట్టు కనిపిస్తాయి. అది అలంకారం కాదు, ఇదే పని. వియత్నాంలో డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో లైట్లు వేసేదీ కబురు కోసమే, కాకపోతే తిరగేసి. డ్రాగన్ పొట్టి రాత్రులు చూస్తే పూస్తుంది కాబట్టి, చలికాలంలో లైటు వేసి అకాలంలో కాయ తీస్తారు.

కబురు పంపడానికి ఎంత వెలుతురు కావాలి? చాలా కొంచెం. మొక్క తల దగ్గర 100 లక్స్ ఉంటే సరిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుందని గుర్తు పెట్టుకోండి. రెండున్నర మీటర్లకి ఒకటి చొప్పున 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, పైన రేకు డోముతో వేలాడదీస్తే ఎకరానికి సుమారు 640 బల్బులు. మొత్తం 5.8 కిలోవాట్లు. నాలుగు గంటలకి 23 యూనిట్లు. అక్కడ 2,200, ఇక్కడ 23. నేను వంద రెట్లు అన్నది ఇందుకే.

దీన్ని ఇంకా తగ్గించొచ్చు. మార్కెట్‌కి వారం వారం పువ్వు పంపేవాళ్లు బెడ్లు విడతలుగా నాటుతారు. పంట కాలం పదమూడు వారాలైతే, లైటు కావలసింది నాలుగు వారాలే. అంటే ఏ రోజు చూసినా పాలీహౌస్‌లో మూడో వంతు బెడ్లకే లైటు కావాలి. 23 యూనిట్లు 8 అయిపోయాయి. కొందరు నాలుగు గంటలూ ఆపకుండా వెలిగించకుండా, అరగంటకి పది నిమిషాల చొప్పున వెలిగించి ఆపుతారు. కొన్ని రకాలకి అది పనిచేస్తుంది. ముందు ఒక మూల బెడ్ మీద చేసి, మొగ్గ రాలేదని తేలాకే మిగతా వాటికి పెట్టండి.

బల్బు కొనేటప్పుడు నీలం ఛాయ ఎక్కువ ఉన్న కూల్ వైట్ వద్దు. పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ గానీ, ఎరుపు కలిసినది గానీ తీసుకోండి, ఫైటోక్రోమ్‌కి కావలసింది ఎరుపే. పూర్తి ఎరుపు ఎల్ఈడీ వాడితే లక్స్ మీటరు లెక్క తప్పు చెప్తుంది, అక్కడ అమ్మేవాళ్ల దగ్గర మైక్రోమోల్ లెక్కే అడగండి. రాత్రి మీటరు పట్టుకుని మూలమూలా తిరగండి. చీకటి మూలలో ఉన్న మొక్క ముందు మొగ్గ వేస్తుంది, బెడ్ అంతా ఎగుడు దిగుడు అయిపోతుంది. ఇంకో సంగతి, లైటు ఆపేసిన బెడ్ల మీదకి పక్క బెడ్ లైటు పడకూడదు. పడితే అక్కడ పూత ఆలస్యం అవుతుంది. మధ్యలో నల్ల షీటు తెర కట్టండి. రోడ్డు మీది వీధి లైటు కూడా ఇదే గోల చేస్తుంది.

సోలార్ ఎలా అమర్చుకోవాలి?

ఇప్పుడు 8 యూనిట్ల లెక్కతో సోలార్ కడదాం. బ్యాటరీ, ఇన్వర్టర్ నష్టాలు కలుపుకుని 10 యూనిట్లు తయారవ్వాలి. రెండున్నర కిలోవాట్లు సరిపోతాయి, వానాకాలం కోసం మూడు వేసుకోండి. లిథియం బ్యాటరీ అయితే 10 యూనిట్ల సామర్థ్యం చాలు. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి 16 యూనిట్లు కావాలి, అంటే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు తొమ్మిది.

"కరెంటు లైను ఉంది కదా, 8 యూనిట్లకి బ్యాటరీ ఎందుకు?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే అవసరం లేదు. కానీ ఇక్కడ ప్రమాదం బిల్లు కాదు, కరెంటు కోత. లైట్లు వేయాల్సిన వారాల్లో వరసగా కొన్ని రాత్రులు కరెంటు పోయిందంటే మొక్క మొగ్గ కట్టడం మొదలుపెడుతుంది. తర్వాత లైటు వేసినా వంకర మొగ్గలే. ఆ బెడ్ పోయినట్టే. బ్యాటరీ ఇక్కడ బీమా లాంటిది.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. నెట్ మీటరింగ్‌కి పెట్టే మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ లైనులో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా తయారు చేస్తారు. కాబట్టి సోలార్ ఉంది కదా కోతలో కూడా లైట్లు వెలుగుతాయి అనుకోకండి. కోతలో వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. అది మూడు రోజులు ముసురు పడితే లైను నుంచి కూడా ఛార్జింగ్ తీసుకుంటుంది. టైమర్ కూడా లోపల చిన్న సెల్ ఉన్నది కొనండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి పడి, రాత్రి పదికి వెలగాల్సిన లైటు తెల్లవారుజామున వెలుగుతుంది.

మోటారుకి ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్ మీద లైట్లు వేయొచ్చా అన్నది మీ విద్యుత్ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి. ఆంధ్రాలో వ్యవసాయ ఫీడర్‌కి పగటిపూట తొమ్మిది గంటలే ఇస్తారు కాబట్టి, రాత్రి లైటుకి అది ఎలాగూ పనికిరాదు.

ప్యానెళ్లు పాలీహౌస్ కప్పు మీద పెట్టొద్దు. ఆ జీఐ పైపులు షీటు బరువుకీ, గాలికీ లెక్కవేసి కట్టినవి. ఒక్కో ప్యానెల్ పాతిక కిలోలకి పైనే ఉంటుంది, పైగా కింద నీడ. బోరు షెడ్ మీదో, పాలీహౌస్‌కి ఉత్తరం పక్కనో దక్షిణానికి వాలుగా పెట్టండి. మన అక్షాంశానికి 15 డిగ్రీల వాలు బాగుంటుంది. ఉత్తరం పక్కన అయితే ప్యానెళ్ల నీడ మొక్కల మీద పడదు, కానీ పాలీహౌస్ నీడ ప్యానెళ్ల మీద పడకుండా దూరం చూసుకోండి.

సోలార్‌కి పాలీహౌస్‌లో ఇంకా మంచి పనులు ఉన్నాయి. ఫ్యాన్లు, ఫాగర్లు, డ్రిప్ మోటారు. ఇవి కావలసింది ఎండ మండేటప్పుడు, ప్యానెల్ ఎక్కువ ఇచ్చేదీ అప్పుడే. బ్యాటరీ కూడా అక్కర్లేదు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో సోలార్ పంపు సెట్లకి కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం సబ్సిడీ ఇచ్చేలా నియమం ఉంది. యూనివర్సల్ పంప్ కంట్రోలర్ తీసుకుంటే మోటారు ఆగి ఉన్నప్పుడు అదే ప్యానెళ్లతో వేరే యంత్రాలు నడుపుకోవచ్చు. మీ జిల్లాలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

ఇక లైటు తిండిగా కూడా గిట్టే చోటు ఒకటి ఉంది. నర్సరీ. నారు చాలా చిన్న జాగాలో చాలా మొక్కలు. 10 చదరపు మీటర్ల అరల్లో 98 గుంతల ప్రోట్రేలు 70 దాకా పడతాయి, అంటే ఆరేడు వేల నారు. దానికి రోజుకి ఏడున్నర మోల్‌లు ఇచ్చినా ఎనిమిదిన్నర యూనిట్లే. ముసురులో నారు సన్నగా సాగిపోకుండా కాపాడితే, ఆ కొంచెం కరెంటు ఖర్చు ఒక్కో మొక్క మీద పైసల్లో ఉంటుంది. జాగా చిన్నది, మొక్కలు ఎక్కువ ఉన్నచోట లెక్క మారుతుంది.

కొటేషన్ చేతిలో ఉన్నవాళ్లకి

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ లైట్లు నా మొక్క మీద రోజుకి చదరపు మీటరుకి ఎన్ని మోల్‌లు వేస్తాయి, దానికి ఎన్ని యూనిట్లు కాలుతుంది? ఆ యూనిట్లు రాత్రిపూట, మబ్బు రోజున ఎక్కడి నుంచి వస్తాయి? లైనులో కరెంటు పోతే ఏవి వెలుగుతాయి, ఏవి ఆగిపోతాయి? ఈ మూడింటికీ కాగితం మీద అంకెల్లో జవాబు రాసిచ్చే మనిషితోనే మాట్లాడండి. "ఫుల్ స్పెక్ట్రమ్ సార్, దిగుబడి డబుల్ సార్" అనేవాళ్లకి టీ ఇచ్చి పంపించేయండి.

మీరు వేసే పంటకి కావలసింది తిండా, కబురా? ముందు అది తేల్చుకోండి. కూరగాయలు, గులాబీ, జెర్బెరా వేసేవాళ్లు లైట్ల జోలికి వెళ్లకుండా షీటు కడగండి, సోలార్‌ని ఫ్యాన్లకీ మోటారుకీ పెట్టండి. చామంతి వేసేవాళ్లు చిన్న సోలార్, చిన్న బ్యాటరీతో మొదలుపెట్టండి. ఏ పంట, ఎన్ని బెడ్లు, లైను ఎలా ఉంది అన్న వివరాలు రాస్తే మీ లెక్క కూడా ఇంకో ఎపిసోడ్‌లో కలిసి వేద్దాం.